మాటపై వ్యక్తిత్వ ముద్ర

వ్యాపార ప్రపంచంలో మాట కూడా పెట్టుబడియే. ఒక వస్తువును గూర్చి గాని, ఒక పథకాన్ని గూర్చి గాని పదిమంది ముందు తెరపై చూపుతూ వివరించడాన్ని ప్రజెంటేషన్ అంటారు. ఆ కొద్ది నిమిషాలలోనే శ్రోతలు వక్త సామర్థ్యాన్ని అంచనా వేస్తారు. అందుచేత తన ప్రసంగం అందరి ప్రసంగాలకన్న భిన్నంగా ఉండాలని ప్రతి వక్తా కోరుకుంటాడు. అయితే ఆ భిన్నత్వం రంగుల స్లైడులలో ఉన్నదా, వక్త అవగాహనలో ఉన్నదా అన్నది ఆలోచింపదగిన విషయం.

1987లో పవర్‌పాయింట్ వెలువడిన తరువాత స్లైడుల తయారీ క్రమంగా అందరికీ సులభమైంది. దానితో అందరి ప్రసంగాలూ ఒకే మూసలో పడ్డాయి. తెర నిండా అక్షరాలు నింపి, సభకు వెన్ను చూపి వాటినే చదివే వక్తలు ఎక్కువయ్యారు. చదవడం శ్రోతలకూ వచ్చు. వారు వక్త నుండి కోరేది ఆ అక్షరాల వెనుకనున్న అర్థాన్ని. 2004లో అమెజాన్ అధినేత జెఫ్ బెజోస్ ఉన్నతాధికారుల సమావేశాలలో స్లైడులను నిషేధించి, విషయాన్ని పూర్తి వాక్యాలలో వ్రాసి తెమ్మన్నాడు. ముక్కలుగా వ్రాసిన అంశాల చాటున ఆలోచనలోని లోపాలు దాగిపోతాయని ఆయన అభిప్రాయం.

స్లైడులు వాడినా రాణించినవారు లేకపోలేదు. 2007 జనవరి 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో యాపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ మూడు కొత్త వస్తువులు తెచ్చానని ప్రకటించాడు. ఐపాడ్, ఫోను, ఇంటర్నెట్ సాధనం అని వాటిని పదేపదే పలికి, చివరకు ఆ మూడూ ఒకే వస్తువని వెల్లడించాడు. అదే ఐఫోన్. మరుసటి ఏడు మ్యాక్‌బుక్ ఎయిర్ కంప్యూటరును ఒక కాగితపు కవరులో నుండి వెలికితీశాడు. దాని పలుచదనాన్ని చెప్పడానికి అంకెలకన్న ఆ కవరే ఎక్కువ ఉపకరించింది. కొండను అద్దంలో చూపడమంటే ఇదే. ఆ సరళత వెనుక అనేక దినాల సాధన ఉన్నది.

ఈ సాధనను వదలి వేషాన్ని మాత్రమే అనుకరిస్తే ఫలితం వేరు. 2003లో థెరానోస్ సంస్థను స్థాపించిన ఎలిజబెత్ హోమ్స్, జాబ్స్ వలెనే మెడను కప్పే నల్లని దుస్తులతో వేదికలెక్కింది. కొన్ని రక్తపు చుక్కలతోనే అనేక పరీక్షలు చేయవచ్చునని నమ్మబలికింది. ఆమె చెప్పిన పనిని ఆమె యంత్రం చేయలేకపోయింది. పెట్టుబడిదారులను మోసగించిన నేరానికి 2022లో అమెరికా న్యాయస్థానం ఆమెకు 11 సంవత్సరాలకు పైగా కారాగార శిక్ష విధించింది. పులిని చూసి నక్క వాత పెట్టుకున్న చందమిది.

కనుక విద్యార్థులు ముందుగా అలవరచుకోవలసింది విషయంపై పట్టు. శీతల గిడ్డంగి పథకాన్ని వివరించే గుంటూరు యువకుడు అంకెలకు ముందు రంగు వెలిసిన మిరపకాయను, రంగు నిలిచిన మిరపకాయను పక్కపక్కన ఉంచి చూపవచ్చు. అతడు ఎరిగిన నేల, అతడు చూసిన నష్టం ఆ మాటకు బలమిస్తాయి. తెలియని ప్రశ్న ఎదురైనప్పుడు తెలియదని చెప్పగల నిజాయితీ ఆ బలాన్ని నిలుపుతుంది. వేషం ఒక సభను ఆకట్టుకోవచ్చు. ఆ తరువాత కూడా నలుగురూ ఒక మనిషి మాటను నమ్మితే, అదే అతని పేరు.