ఇంటింటి ఆరోగ్యము: మగపిల్లల రాత్రి భయము

స్వప్న స్ఖలనమును గూర్చి ఇంటిల్లిపాది చదువు పత్రికలో వ్రాయవచ్చునా అని కొందరు పెద్దలు సందేహింపవచ్చును. మనము వ్రాయకున్నను గోడలు వ్రాయుచునే యున్నవి. తమిళనాట పుట్టి పెరిగిన మన పిల్లవాడు ఈ సంగతి పేరును ఇంట్లో తెలుగున వినుటకు ముందే, బస్సు స్టాండు గోడ మీద 'సొప్పన స్కలితం' అని జబ్బుల పట్టికలో చదువుకొనును. వాడు బెదరక ఏమి చేయును?

కావున మేము సూటిగా చెప్పెదము. ఇది జబ్బు కాదు. ఈడు వచ్చిన మగపిల్లలకు నిద్రలో సహజముగా జరుగునదే. కొందరికి వారమునకు ఒకటి రెండు సార్లు, కొందరికి నెలకొకసారి; కొందరికి అసలే ఉండదు. నలుబది నెత్తురు బొట్లు కలిసి ఒక వీర్యపు బొట్టగునను మాటలో నిజము లేదు. పోయినదానిని శరీరము మరల తయారు చేసికొనుచునే యుండును. బలము తగ్గదు, పెండ్లికి అడ్డు రాదు.

సప్త ధాతువులలో శుక్రము కడపటిదని ఆయుర్వేదము చెప్పినది. అది పోయినచో ప్రాణమే పోవునను బెంగ మన దేశములో పాతది. దానికి 1960లో డాక్టరు ఎన్. ఎన్. విగ్ గారు 'ధాత్ సిండ్రోమ్' అని పేరు పెట్టిరి. నీరసము, గుండెదడ, చదువు మీద మనసు నిలువకపోవుట, చాలమందిలో ఆ బెంగ వలన కలుగునవే.

మాటిమాటికి జరిగి నిద్ర చెడుచున్నచో ఆయుర్వేదము చెప్పు పథ్యము తేలికైనదే:

1. రాత్రి భోజనము పడకకు రెండు మూడు గంటల ముందే, కడుపు బరువెక్కకుండ ముగింపవలెను.

2. ఆ పూట ఆవకాయ, పచ్చిమిరప, మసాలా, కాఫీ మానవలెను. పెసరపప్పు, బీరకాయ, సొరకాయ మంచివి. పగటిపూట పలుచని మజ్జిగ త్రాగవలెను.

3. మలబద్ధకము ఉండనీయరాదు. సాయంకాలము నడక గాని ఆట గాని ఉండవలెను.

4. పడుకొనుటకు ముందు మూత్ర విసర్జన చేసి, కాళ్లు కడుగుకొని, వదులు బట్టలు కట్టుకొనవలెను. ఫోను మరియొక గదిలో ఉంచవలెను.

వీనితో స్ఖలనము తప్పక ఆగునని మేము చెప్పము. నిద్ర, జీర్ణము బాగుపడును, మనసు కుదుటపడును. అంతే చాలును.

భస్మములు, లేహ్యములు సొంతముగా కొని వాడరాదు. ఊరు పేరు లేని మందులలో సీసము, పాదరసము ఉండవచ్చును. పుంసత్వము పెంచెదమను ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించినది. మూత్రములో మంట, నొప్పి, నెత్తురు, పగటిపూట చీము వంటి స్రావము, లేక నెలల తరబడి తగ్గని దిగులు ఉన్నచో వెంటనే డాక్టరుకు చూపవలెను.

తండ్రులకు ఒక మనవి. పక్క బట్టలు చూచి కోపగింపకుడు. "నాయనా, ఇది అందరికీ ఉండేదే, భయపడకు" అని మన భాషలో ఒక్కమాట చెప్పుడు. నోట రానిచో ఈ పుటను వాని పుస్తకముల మీద ఉంచుడు.