ఇంటిలోని గదికి తలుపు తెరచుట

ఈ నెల ఈ శీర్షికలో, సంఘ కార్యాలయాలలోను ప్రెస్సులలోను టైపు పని చేయు సహోదరీ సహోదరులను విసిగించు ఒక చిక్కును గూర్చి వ్రాయదలచితిమి. చిక్కు చిన్నదే గాని దాని వెనుకనున్న సంగతి చిన్నది కాదు.

1990లలోను, 2000 తరువాతి సంవత్సరాలలోను మన సంఘ పత్రికలు, పాటల పుస్తకాలు, కన్వెన్షన్ కరపత్రాలు ఎన్నో పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో తయారైనవి. పేజ్‌మేకర్ 7 వచ్చినది 2001లో. అదే సంవత్సరము వచ్చిన విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో మైక్రోసాఫ్ట్ వారి సహాయము ముగిసినది. పాత కంప్యూటరు మూలపడిన తరువాత కొందరు ఆ ఎక్స్‌పీని క్రొత్త కంప్యూటరు లోపలనే వర్చువల్ మెషీన్‌గా పెట్టుకొని, పాత ఫైళ్లను అందులో తెరచుచున్నారు. ఇది మంచి ఉపాయమే. అయితే తెరచిన ఫైలులోని మాటలను కాపీ చేసి బయటి కంప్యూటరులో పేస్ట్ చేయబోతే ఏమియు రాదు.

ఆ ఫైలులో ఏమున్నదో తలంచుడి. ప్రభువునందు నిద్రించిన ఒక పాదిరిగారి ప్రసంగములుండవచ్చును. వాటిని తాతగారి మాటలుగా ఫోనులో చదువుకొనవలెనని ఆశించు మనుమలు ఎక్కడో దూరదేశములో ఉండవచ్చును. రెండు వందల పేజీలు మరల టైపు చేయుటకు టైపిస్టుకు కన్నులు సహకరించకపోవచ్చును. "వీలుకాదు" అని ఫైలు మూసివేసినచో ఆ సాక్ష్యము అక్కడనే ఆగిపోవును. కనుక ఈ తలుపు తెరచుట ఎట్లో తెలిసికొందము.

వర్చువల్ మెషీన్ అనగా ఇంటిలో కట్టిన మరియొక గది. దానికి నాలుగు గోడలున్నవి. లోపలి సంగతి బయటికి రాకుండుటకే ఆ గోడలు కట్టిరి. మనము కాపీ కొట్టిన మాటలు క్లిప్‌బోర్డ్ అను తాత్కాలిక స్థలములో నిలుచును. ఈ గదికి ఒక క్లిప్‌బోర్డ్, ఇంటికి వేరొక క్లిప్‌బోర్డ్ ఉన్నవి. ఈ రెంటిని కలుపువాడు లేకుండ మాట గడప దాటదు.

వర్చువల్‌బాక్స్ వాడువారు రెండు పనులు చేయవలెను. మొదటిది, లోపలి ఎక్స్‌పీని నడుపుచు, పై వరుసలోని డివైసెస్ మెనూలో గెస్ట్ అడిషన్స్ సీడీని చొప్పించు ఆజ్ఞను నొక్కవలెను. అప్పుడు ఎక్స్‌పీలోని మై కంప్యూటర్‌లో ఒక సీడీ కనబడును. దానిని తెరచి, ఇన్‌స్టాల్ చేసి, ఎక్స్‌పీని రీస్టార్ట్ చేయవలెను. ఈ గెస్ట్ అడిషన్సే రెండు క్లిప్‌బోర్డుల నడుమ మాట మోయు సేవకుడు. రెండవది, అదే డివైసెస్ మెనూలో షేర్డ్ క్లిప్‌బోర్డ్ అనుచోట చూడవలెను. మామూలుగా అక్కడ "డిసేబుల్డ్" అని యుండును. అనగా సేవకుడున్నను తలుపు గడియ వేసియున్నది. ఈ రెంటిలో ఒకటే చేసి "పని చేయలేదు" అని విడిచిపెట్టువారు కలరు. రెండును కావలెను.

విఎంవేర్ వాడువారికి ఈ సేవకుని పేరు విఎంవేర్ టూల్స్. అందులో సెట్టింగ్స్, ఆప్షన్స్, గెస్ట్ ఐసొలేషన్ అనుచోట కాపీ, పేస్టులకు అనుమతి ఇచ్చు గడి యున్నది.

అప్పటికిని రానియెడల తొందరపడక ఒక పరీక్ష చేయుడి. ఎక్స్‌పీలో నోట్‌ప్యాడ్ తెరచి 12345 అని టైపు చేసి, కాపీ చేసి, బయట పేస్ట్ చేయుడి. అంకెలు వచ్చినచో దారి బాగున్నదని అర్థము. రానిచో, వర్చువల్‌బాక్స్‌ను క్రొత్త వెర్షనుకు మార్చి గెస్ట్ అడిషన్స్‌ను పాతదే ఉంచితిరేమో చూచి, దానిని మరల వేసి రీస్టార్ట్ చేయుడి. పూర్తి ఫైళ్లను తేవలెనన్నచో సెట్టింగ్స్‌లోని షేర్డ్ ఫోల్డర్స్ ద్వారా ఒక ఫోల్డరును రెండు వైపులకు ఉమ్మడిగా ఉంచుట సులభము.

అంకెలు వచ్చి, తెలుగు మాత్రము పిచ్చి ఇంగ్లీషు అక్షరాలుగా వచ్చినచో అది తలుపు లోపము కాదు. న్యాయాధిపతుల కాలములో యొర్దాను రేవుల యొద్ద ఒక్క మాట పలుకలేక ఎఫ్రాయిమీయులు పట్టుబడిన సంగతి మనకు తెలియును. వారు చెప్పదలచినది "షిబ్బోలెతు". నోట వచ్చినది "సిబ్బోలెతు". ఇక్కడను అంతే. అను ఫాంట్లు తెలుగు అక్షరాలను, వత్తులను, గుణింతపు గుర్తులను ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో కూర్చుండబెట్టినవి. ఆ ఫాంటు ఉన్నచోట అది తెలుగుగా కనబడును. లేనిచోట ఇంగ్లీషుగా కనబడును. యూనికోడ్‌లోనైతే తెలుగునకు 128 స్థానాల సొంత వరుస కలదు. అందులో "అ"కు 3077, "క"కు 3093 సంఖ్యలు. ఏ ఫోనులోనైనను ఆ సంఖ్యకు ఆ అక్షరమే.

కాబట్టి బయటికి తెచ్చిన మాటలను అను నుండి యూనికోడ్‌కు మార్చు సాధనములో వేయవలెను. మార్చిన తరువాత ఒక్కసారి మూలముతో పోల్చి చదువుట మరువకుడి. వత్తులయొద్ద, సంయుక్తాక్షరములయొద్ద తప్పులు దొరలును. వాక్యభాగముల అధ్యాయములు, వచనముల అంకెలు మరి జాగ్రత్తగా చూడవలెను. యౌవనస్థుల కూటమిలో ఇద్దరిని కూర్చుండబెట్టి, ఒకరు చదువగా మరియొకరు సరిచూచినచో పని త్వరగా ముగియును. పెద్దల ప్రసంగములు పిల్లల చెవిని పడును.

చివరిగా ఒక హెచ్చరిక. నెహెమ్యా యెరూషలేము గోడను కట్టించి గుమ్మములు నిలిపెను. అయితే వాటిని ఎప్పుడు తెరువవలెనో, ఎప్పుడు మూయవలెనో కూడ ఆజ్ఞాపించెను. షేర్డ్ క్లిప్‌బోర్డ్‌లో రెండు వైపులకు తెరచు ఏర్పాటున్నది; ఒకే వైపు తెరచునదియు ఉన్నది. పాత మాటలను బయటికి తెచ్చుటకైతే లోపలినుండి బయటికి, అనగా "గెస్ట్ టు హోస్ట్" అనునది చాలును. రెండు వైపుల తెరచినచో మీరు బయట కాపీ చేసిన బ్యాంకు పాస్‌వర్డు సయితము లోపలి ఎక్స్‌పీకి అందగలదు. ఎక్స్‌పీకి కావలి లేదు గనుక దానిని ఇంటర్నెట్‌కు కలుపవద్దు. పని ముగిసిన తరువాత మరల "డిసేబుల్డ్" చేయుడి. పాత ఫైళ్ల ప్రతి యొకటి వేరే డిస్కులో దాచుడి.

అన్నిటిని ఒకేసారి మార్చవలెనని భయపడవద్దు. ఈ నెల ఒక్క ఫైలు తెరువుడి. సంఘములో వయస్సు మీరినవారిని అడిగి, ఏ ప్రసంగము ముందు కావలెనో నిర్ణయించుకొనుడి. వారు వినియుండగా వారి చేతికి అది అందుట మంచిది. ప్రభువు మీ ప్రయాసమును ఆశీర్వదించును గాక.