ద్వీపానికి ఎవరు బరువు?

ఈ సంచికలో ఐర్లాండ్ ద్వీపాల గురించి రాస్తున్నామనగానే ఒక అభ్యంతరం వచ్చింది: యాత్రికుల్ని పంపి ఆ కాస్త చోటునూ పాడుచేయడమెందుకని. కెర్రీ తీరంలోని గ్రేట్ బ్లాస్కెట్ చరిత్ర చూస్తే ఈ భయం సగమే నిజమనిపిస్తుంది. 1953లో ఆ ద్వీపాన్ని ఖాళీ చేయించారు. జనాన్ని కదిలించింది యాత్రికులు కాదు. యువత వలసపోయింది, సముద్రం రేగితే వైద్యుడు వచ్చే దారి లేదు. ఇప్పుడేమో వేసవిలో ఆ మొండిగోడలు చూడ్డానికే పడవలు నడుస్తున్నాయి! గాల్వే అఖాతంలోని ఇనిష్‌మాన్ మాత్రం నిలిచింది. నాటకకర్త జె.ఎం. సింగ్ 1898 నుంచి కొన్నేళ్లు వచ్చి ఉన్న చోటిది. 2022 లెక్కల్లో జనం రెండువందలకు లోపే. అయినా బడి ఉంది, శీతకాలంలోనూ పడవ ఉంది, ఐరిష్ మాట్లాడే ఇళ్లున్నాయి.

యాత్రికుల వెంట ఇంగ్లిషు వస్తుంది, సెలవుల కోసం కొన్న ఇళ్లు ఏడాదిలో ఎక్కువ భాగం తాళాలతో ఉంటాయి, నిజమే. అందుకే ప్రభుత్వం 2023 విధానంలో ద్వీపాల్లో పాడుబడ్డ ఇంటిని బాగుచేసుకునేవారికి 84,000 యూరోల దాకా సాయం ప్రకటించింది. ఇల్లు కొనడం వేరు, గది అద్దెకు తీసుకోవడం వేరు. పొద్దున దిగి సాయంత్రం పడవకే తిరిగిపోయేవారి వల్ల ఊరికి మిగిలేదీ తక్కువే. వెళ్లేవారు రద్దీ తగ్గాక సెప్టెంబరులో వెళ్లండి, రాత్రి అక్కడే ఉండండి. గాలి లేస్తే పడవ ఆగిపోతుంది గనక ఒక రోజు అదనంగా చేతిలో ఉంచుకోండి.