కుక్క కాటుకు చెప్పు దెబ్బ మందు కాదు

"కుక్క కాటుకు చెప్పు దెబ్బ" అన్న సామెతను మన పెద్దలు మనుషుల మధ్య చెల్లుకు చెల్లు తీర్చుకొనే సందర్భంలో వాడారు. మనమేమో దానిని కుక్కపిల్లల పెంపకానికి అక్షరాలా అన్వయించుకొన్నాము. ఇంటికి తెచ్చిన కూన చేతిని కొరికితే మూతి మీద ఒక్కటి అంటిస్తాము. నట్టింట మూత్రం పోస్తే దాని ముక్కును ఆ తడిలో రాస్తాము. మూడు నెలలు నిండకముందే గేటు పక్కన గొలుసుకు కట్టివేస్తాము. ఏడాది తిరిగాక అదే కుక్క పక్కింటి బాలుని చెంప చీల్చితే, "దీని జాతే మంచిది కాదు" అని తీర్పు చెప్పి చేతులు దులుపుకొంటాము.

పాఠకులారా, కుక్క కరవడం వెనుక జాతి స్వభావము, నొప్పి, అనారోగ్యము వంటి కారణాలు ఉండవచ్చును, కాదనను. అయితే జాతిని నిందించే ముందు ఇంటిని పరిశీలించాలన్నదే నా వాదము. భయంతో పెరిగిన కుక్క భయంతోనే కరుస్తుంది. ఆ భయాన్ని దాని మొదటి నాలుగు నెలలలో నూరిపోసినవారు, చాలా సందర్భాలలో, దానిని ముద్దు చేస్తున్నామని అనుకొంటున్నవారే.

ఇది పశువైద్యుల విషయం కదా, మనుషుల వైద్యునికి ఇందులో పని ఏమిటని మీరు అడగవచ్చును. కాటు తిన్నవాడు మనుషుల ఆసుపత్రికే వస్తాడు గనుక నాకు పని ఉన్నది. ప్రపంచంలో ఏటా దాదాపు 59,000 మంది రేబిస్‌తో మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో సుమారు మూడవ వంతు మరణాలు మన దేశానివే. మనుషులకు సోకే రేబిస్‌లో నూటికి 99 వంతులు కుక్కల వలననే వస్తున్నది. అనుమానాస్పదమైన జంతువు కాటు తిన్నవారిలో 40 శాతం మంది 15 ఏళ్ళలోపు పిల్లలు. కనుక కుక్కపిల్లను ఇంటికి తేవడమంటే కేవలం ముచ్చట కాదు. అది మీ కుటుంబ ఆరోగ్యానికి, మీ వీధి ఆరోగ్యానికి సంబంధించిన నిర్ణయము.

తల్లి దగ్గర నేర్వవలసిన పాఠము

మన పట్టణాలలో నెల రోజుల కూనలను అట్టపెట్టెలో పెట్టి అమ్మే వ్యాపారము సాగుతూనే ఉన్నది. "చిన్నప్పుడు తెస్తేనే మచ్చిక అవుతుంది" అని అమ్మేవాడు చెబుతాడు, కొనేవాడు నమ్ముతాడు. ఇది తప్పు. ఎనిమిది వారాలు నిండని కూనను అమ్మరాదని 2017 నాటి కుక్కల పెంపకము, విక్రయాల నియమావళి స్పష్టంగా చెబుతున్నది. దీని వెనుక శాస్త్రమున్నది. కూన తన తోబుట్టువులతో ఆడుతూ గట్టిగా కొరికితే, కొరికించుకొన్నది కీచుమని అరచి ఆట మానేస్తుంది. తల్లి లేచి వెళ్ళిపోతుంది. పళ్ళు ఎంత గట్టిగా వేస్తే ఆట చెడుతుందో కూన అక్కడే నేర్చుకొంటుంది. ఆ పాఠము పూర్తి కాకుండానే మీరు దానిని ఎత్తుకొని వచ్చి, "ఇది ఊరికే కొరుకుతుంది" అని కొడుతున్నారు. బడి నుండి బలవంతంగా తీసుకొని వచ్చిన పిల్లవాడిని అక్షరాలు రాలేదని బాదడమంటే ఇదే.

పద్నాలుగు వారాలలోపు తెరచి ఉండే కిటికీ

అమెరికాలోని బార్ హార్బర్ పరిశోధనశాలలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు కుక్కపిల్లల ప్రవర్తనను అనేక సంవత్సరాలు పరిశీలించి, 1965లో గ్రంథంగా ప్రకటించారు. మూడవ వారము నుండి సుమారు పన్నెండు, పద్నాలుగు వారాల వరకు కూన మెదడు లోకాన్ని పరిచయం చేసుకొనే కాలమని నేడు నిపుణులందరూ అంగీకరిస్తున్నారు. ఆ వయస్సులో చూచిన మనిషి, విన్న చప్పుడు, తాకిన నేల దానికి మామూలు విషయాలైపోతాయి. ఆ వయస్సులో చూడనివి తరువాత భయకారణాలవుతాయి. మొక్కై వంగనిది మానై వంగునా అని మనవారు ఊరికే అనలేదు.

ఇక్కడ రెండు తప్పులు జరుగుతున్నాయి. కొందరు టీకాలన్నీ పూర్తయ్యే వరకు కూనను గది దాటనివ్వరు. మరికొందరు టీకా ఒక్కటి కూడా వేయించకుండా వీధిలో వదలివేస్తారు. మొదటివారి కుక్క పిరికిదవుతుంది. రెండవవారిది పార్వో, డిస్టెంపర్ వంటి వ్యాధులకు బలి కావచ్చును. మధ్యేమార్గము కష్టమైనది కాదు. ఆరు నుండి ఎనిమిది వారాల వయస్సులో మొదటి టీకా వేయించి, మూడు నాలుగు వారాలకు ఒకసారి చొప్పున పదహారు వారాల వరకు కొనసాగించాలి. ఈలోపు కూనను చేతులలో ఎత్తుకొని వీధి చూపించండి. గొడుగు పట్టినవారిని, శిరస్త్రాణము పెట్టుకొన్నవారిని, చేతికర్ర ఊతంగా నడిచే వృద్ధులను, ఆటోల రొదను దూరం నుండి పరిచయం చేయండి. టీకాలు వేయించిన ఆరోగ్యవంతమైన కుక్కలున్న బంధువుల ఇంటికి తీసుకొని వెళ్ళండి. ఇతర కుక్కలు మలమూత్రాలు విసర్జించే చోట మాత్రము దింపకండి.

గొలుసు విషయము కూడా ఇక్కడే చెప్పాలి. "కాపలాకు తెచ్చాము, కట్టివేయకపోతే ఎట్లా" అంటారు. పగలంతా కట్టివేసిన కూనకు పారిపోయే దారి ఉండదు. దగ్గరికి వచ్చిన ప్రతి అపరిచితుని చూచి అరవడమో, కరవడమో తప్ప దానికి మరొక ఉపాయము మిగలదు. అది కాపలా కాదు, నిస్సహాయత. మరీ పొట్టి గొలుసుతోనో, బరువైన గొలుసుతోనో ఎక్కువసేపు కట్టి ఉంచడము, అస్తమానం కట్టి ఉంచే కుక్కకు తగినంత వ్యాయామము కల్పించకపోవడము 1960 నాటి జంతుహింస నివారణ చట్టము ప్రకారం నేరాలు కూడాను.

యజమాని పెత్తనమనే అపోహ

"కుక్కకు మనమే నాయకులమని తెలియాలి, దెబ్బ పడితేనే మాట వింటుంది" అని శిక్షకులమని చెప్పుకొనేవారు కొందరు నేటికీ బోధిస్తున్నారు. దీని మూలము 1947లో రుడాల్ఫ్ షెంకెల్ బంధించి ఉంచిన తోడేళ్ళను చూచి వ్రాసిన పరిశీలన. ఒకదానికొకటి సంబంధము లేని తోడేళ్ళను ఒకే ఆవరణలో పెడితే అవి పెత్తనానికి పోట్లాడుకొన్నాయి. అడవిలో తోడేళ్ళ గుంపు తల్లిదండ్రులు, వారి సంతానము కలసిన కుటుంబమని తరువాత తేలినది. ఈ పెత్తనపు సిద్ధాంతానికి 1970లో తన గ్రంథము ద్వారా విస్తృత ప్రచారము కల్పించిన డేవిడ్ మెచ్, 1999లో తానే దానిని సవరించుకొన్నాడు. సిద్ధాంతకర్తలు విడిచిపెట్టిన కర్రను మన వీధి శిక్షకులు ఇంకా పట్టుకొని ఉన్నారు.

దెబ్బ ఏమి నేర్పుతుందో ఆలోచించండి. అరగంట క్రితము పోసిన మూత్రానికి ఇప్పుడు కొడితే, కూన మూత్రానికీ దెబ్బకూ ముడి పెట్టుకోదు. మీ చేతికీ దెబ్బకూ పెట్టుకొంటుంది. మీ కంట పడకుండా మంచము కింద పోయడము నేర్చుకొంటుంది. గుర్రుమన్నందుకు కొడితే గుర్రుమనడము మానుతుంది. భయము మాత్రము పోదు. గుర్రు అనేది హెచ్చరిక. హెచ్చరించవద్దని నేర్పిన కుక్క ఒకనాడు హెచ్చరిక లేకుండా కరుస్తుంది. అప్పుడు కింద పడేది చాలా తరచుగా ఇంటిలోని అతి చిన్న బిడ్డ.

మరి ఏమి చేయాలి? రెండు నెలల కూన మూత్రాన్ని రెండు, మూడు గంటలకు మించి ఆపుకోలేదు. నిద్ర లేవగానే, తిండి తినగానే, ఆట ముగియగానే ప్రతిసారీ ఒకే చోటికి తీసుకొని వెళ్ళండి. పని ముగించిన మరుక్షణమే, అక్కడే, చిన్న ఉడికించిన కోడి మాంసపు ముక్కో, ఒక మెచ్చుకోలు మాటో అందించండి. బహుమానము రెండు క్షణాలు ఆలస్యమైతే దేనికి ఇచ్చారో దానికి తెలియదు. చేతిని కొరికితే అరవకుండా, కొట్టకుండా ఆట ఆపి పక్కకు తిరగండి. కొంత ఆగి కొరకడానికి బొమ్మ ఇవ్వండి. ఇంటిలో అందరూ ఒకే మాట, ఒకే నియమము పాటించాలి. తాతగారు సోఫా మీదికి పిలిచి, తండ్రి అక్కడి నుండి తరిమితే, కూనకు అర్థమయ్యేది మనుషులు నమ్మదగినవారు కారని మాత్రమే. తినేటప్పుడు, నిద్రించేటప్పుడు దానిని కదపరాదని పిల్లలకు నేర్పండి. పసివారిని, కూనను పెద్దల పర్యవేక్షణ లేకుండా ఒక్కచోట వదలకండి.

"పాలపళ్ళు కదా, ఏమవుతుంది?"

నేను మిక్కిలి ఆగ్రహంతో ఖండించే మాట ఇది. కూన కొరికితే రేబిస్ రాదని, చిన్న గీతకు సూది అవసరము లేదని చదువుకొన్నవారు కూడా అంటున్నారు. 2025లో ఉత్తరప్రదేశ్‌లోని బులంద్‌షహర్ జిల్లాలో రాష్ట్రస్థాయి కబడ్డీ క్రీడాకారుడైన ఒక యువకుడు మురుగుకాలువలో పడిన కుక్కపిల్లను కాపాడాడు. అది కొరికిన చిన్న గాయాన్ని పట్టించుకోలేదు, టీకా తీసుకోలేదు. నెలలు గడచిన తరువాత రేబిస్‌తో మరణించాడు. వయస్సు 22 ఏళ్ళు. కూన పళ్ళు చిన్నవే గాని, వైరస్‌కు చిన్నాపెద్దా లేదు.

ఒక విషయము గమనించండి. కుక్కపిల్లకు రేబిస్ టీకా సాధారణంగా మూడు నెలల వయస్సులో వేస్తారు. అంటే మీరు ఇంటికి తెచ్చిన తొలి వారాలలో, అది అందరికంటే ఎక్కువగా కొరికే వారాలలో, దానికి రేబిస్ నుండి రక్షణ లేదు. అందుచేత కాటుగాని, రక్తము వచ్చిన గీతగాని, గాయము మీద నాకడము గాని జరిగితే వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడగండి. కారము, సున్నము, పసుపు, కాఫీపొడి, ఆకుపసరు ఏవీ పెట్టకండి. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. చర్మము చీలిన లోతైన గాయానికి టీకాతో పాటు గాయములోనే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇవ్వాలి. చర్మంలోకి ఇచ్చే టీకా నేడు 0, 3, 7, 28 రోజులలో నాలుగు మార్లు. కండరానికి ఇచ్చే పద్ధతిలో 14వ రోజు కూడా ఉంటుంది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న పాత భయము ఇక వద్దు; ఆ టీకా తయారీని మన దేశము మానివేసి రెండు దశాబ్దాలు దాటినది. ప్రభుత్వ ఆసుపత్రులలో ఈ టీకా ఉచితము.

కరచిన కుక్కను పది రోజులు గమనించడము మంచిదే. అయితే గమనిస్తూ టీకా వాయిదా వేయడము ప్రాణాంతకము. టీకా మొదలుపెట్టి గమనించండి. నీటిని చూచి గొంతు బిగుసుకొనే దశ వచ్చిన తరువాత మా వైద్యుల చేతిలో ఉపశమనము తప్ప చికిత్స లేదు. పాశ్చర్ 1885లో తొమ్మిదేళ్ళ జోసెఫ్ మైస్టర్‌కు తొలిసారి ఈ వ్యాధికి టీకా ఇచ్చాడు. నూట నలభై ఏళ్ళ తరువాత కూడా టీకా అందుబాటులో ఉండి మనిషి చనిపోతున్నాడంటే, ఆ మరణానికి పేరు రేబిస్ కాదు, నిర్లక్ష్యము.

నులిపురుగుల సంగతి కూడా మరువరాదు. ఏలికపాముల లార్వాలు తల్లి గర్భములోనే కూనకు సోకుతాయి. దాని మలములోని గుడ్లు కొన్ని వారాలలో మట్టిలో పక్వమై, ఆ మట్టి చేతులతో తినే పిల్లల కాలేయానికి, ఒక్కొక్కసారి కంటికి చేటు తెస్తాయి. పశువైద్యుని సలహాతో కూనకు రెండు వారాల వయస్సు నుండే పురుగుల మందు ఇప్పించండి. మలాన్ని ఏ రోజుకారోజు తీసివేయండి, పిల్లల చేత చేతులు కడిగించండి.

"మా తాతల కాలములో ఇవన్నీ ఉన్నాయా?"

లేవు. ఆ కాలములో ఊరి కుక్కకు ఊరంతా ఇల్లే. అది తల్లి దగ్గర పెరిగినది, పుట్టినది మొదలు మనుషుల మధ్య తిరిగినది. రెండు గదుల ఫ్లాటులో పది గంటలు ఒంటరిగా ఉండే హస్కీకి ఆ భాగ్యము లేదు. ఆ కాలములో పిచ్చికుక్క కరచి చనిపోయినవారు కూడా ఉన్నారు. వారిని లెక్కించినవారే లేరు. పాత రోజులలోని మంచిని మరచి, దాని నష్టాన్ని మాత్రము వారసత్వంగా తెచ్చుకోకండి.

2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబిస్ మరణాలను అంతము చేయాలని మన దేశము జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించుకొన్నది. వీధి కుక్కల విషయములో ప్రభుత్వాన్ని నిలదీయండి, తప్పక నిలదీయాలి. కాని మీ గేటు లోపలి కుక్కకు బాధ్యులు మీరే. పుట్టినరోజు కానుకగా కూనను కొనే ముందు కుటుంబమంతా కూర్చొని మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుకోండి: పగలు దానితో ఎవరు ఉంటారు? తెల్లవారుజామున దానిని బయటికి ఎవరు తీసుకొని వెళతారు? పన్నెండేళ్ళ పాటు ఏటేటా టీకా ఖర్చు ఎవరు భరిస్తారు? ఒక్కదానికైనా సమాధానము లేకపోతే కూనను తేకండి. తెచ్చి, విసుగు పుట్టి వీధిలో వదిలే కుక్క రేపు కరచేది మీ బిడ్డ తోటి బిడ్డనే.

ఇప్పటికే తెచ్చుకొన్నవారు రేపటిదాకా ఆగకుండా ఈరోజే దాని టీకా కార్డు తీసి చూడండి. రేబిస్ గడి ఖాళీగా ఉంటే, కూనకు మూడు నెలలు నిండి ఉంటే, ఈ సాయంత్రమే పశువైద్యుని వద్దకు బయలుదేరండి.