మన ఇంటి లెక్కలు: కారుకు ఎంత ప్లగ్గు కావాలి?

ఈ నెల మాకు వచ్చిన ఉత్తరాలలో ఒకటి నలుగురికీ పనికివచ్చేదిగా కనబడినది. "మా అబ్బాయి ప్లగ్గు పెట్టే హైబ్రిడ్డు కారు కొంటున్నాడు. గోడకు బిగించే పెద్ద ఛార్జరు లేకపోతే లాభం లేదని అమెరికాలోని మా అల్లుడుగారు ఫోనులో గట్టిగా చెబుతున్నారు. మేము ఉండేది అపార్టుమెంటు. ఏమి పెట్టించమంటారు?" అని ఒక సభ్యులు అడిగారు. మేము కాగితాలు చూచుకొనే గుమాస్తాలమే గాని కరెంటు మేస్త్రీలము కాము. అయినా తెలిసినవారిని అడిగి, అంకెలు వేసి చూచి, తేలిన సంగతి ఇక్కడ వ్రాస్తున్నాము.

మొదట ఒక మాట. హైబ్రిడ్డు అన్న ప్రతి కారుకూ ప్లగ్గు ఉండదు. మన బిడదిలో తయారయ్యే ఇన్నోవా హైక్రాసు హైబ్రిడ్డే. అయితే దాని బ్యాటరీని దాని ఇంజనే నింపుకొంటుంది. బయటి కరెంటుతో పని లేదు. ప్లగ్-ఇన్ హైబ్రిడ్డు అలా కాదు. దానికి పెట్రోలు ఇంజనూ ఉంటుంది, రాత్రి ప్లగ్గు పెట్టి నింపుకొనే బ్యాటరీ కూడా ఉంటుంది. హొసకోటె దగ్గర కార్లు కూర్చే వోల్వో కంపెనీ అటువంటి కారును అక్కడే కూర్చుతామని 2018లో ప్రకటించింది. కనుక కారు కాగితాలలో ఛార్జింగు సంగతి చూడకముందే ఛార్జరు బేరమాడటం, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్లవుతుంది.

ఈ కార్లు ఇప్పటికీ ఖరీదైనవే, మన జీతాలకు అందేవి కావు. కాని ఇక్కడ చెప్పే లెక్క చిన్న విద్యుత్తు కారుకూ చాలావరకు వర్తిస్తుంది. పిల్లలకు కారు కొనే స్తోమతు వచ్చినా, ఇంటి బిల్లు కట్టేది చాలా ఇళ్ళలో తండ్రిగారే కదా!

ఇక అల్లుడుగారి మాట. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయన ఉన్నచోట అది నిజం. అమెరికాలో ఇంటి గోడలోని మామూలు ప్లగ్గు 120 వోల్టులది. దానినుండి కారుకు గంటకు సుమారు 1.4 యూనిట్లే ఎక్కుతాయి. అందుచేత అక్కడివారు 240 వోల్టుల తీగె వేరుగా వేయించి, గోడకు పెట్టె బిగించుకొంటారు. మన దేశంలో ప్రతి ఇంటికీ వచ్చేది 230 వోల్టులే. గీజరుకో, ఇస్త్రీ పెట్టెకో వాడే మన పవర్ ప్లగ్గునుండి 10 ఆంపియర్లు తీసుకొన్నా గంటకు 2.3 యూనిట్లు వస్తాయి. అక్కడివారు డబ్బు పోసి తెచ్చుకొనే వోల్టేజి మనకు పుట్టుకతోనే ఉన్నదన్నమాట. 2001లో మన బెంగుళూరులోనే తయారై అమ్మకానికి వచ్చిన రేవా కారు కూడా ఇంట్లోని 15 ఆంపియర్ల ప్లగ్గుతోనే నడిచినది.

కారు బ్యాటరీ 12 యూనిట్లదనుకొందాము. దారిలో పోయే నష్టంతో కలిపి గోడనుండి 14 యూనిట్లు లాగుతుంది. పవర్ ప్లగ్గుతో ఆరు గంటల పని: రాత్రి తొమ్మిదికి పెడితే తెల్లవారుఝామున మూడింటికి నిండుతుంది. మరి 7.4 కిలోవాటుల గోడపెట్టె పెడితే? కారులోపల ఉండే ఛార్జరు ఎంత తీసుకోగలదో అంతే తీసుకొంటుంది. ఈ రకం కార్లు చాలావాటిలో అది 3.6 కిలోవాటుల దగ్గరే ఆగుతుంది. అప్పుడు నాలుగు గంటలు. అంటే వేలకు వేలు పోసి మనం కొనేది, మనం నిద్రపోయే వేళలో రెండు గంటల పొదుపు! ఒకనాడు నిండకపోయినా మునిగేది లేదు, పెట్రోలు ఉండనే ఉన్నది. వారమంతా ఆఫీసుకు కరెంటుతో తిరిగి, పండుగకు హిందూపురమో తిరుపతో పెట్రోలుతో పోవడానికే కదా ఇటువంటి కారు కొనేది.

మరి డబ్బు ఎక్కడ పెట్టాలి? కంటికి కనబడని చోట పెట్టాలని మా మనవి. మీటరు దగ్గరనుండి కారు నిలిపే చోటికి వేరే తీగె, మధ్యలో ఇంకే అతుకూ లేకుండా, 4 చదరపు మిల్లీమీటర్ల రాగిది వేయించండి. దూరం 30 మీటర్లు దాటితే 6 వేయించడం మంచిది. దానికి సొంత ఎం.సి.బి., 30 మిల్లీ ఆంపియర్ల 'ఏ' రకం ఆర్.సి.సి.బి. ఉండాలి. ప్లగ్గు మంచి కంపెనీది, గంటల తరబడి వేడికి ఓర్చేది కావాలి. ఎర్తు సరిగా లేకపోతే చాలా కార్లు ఛార్జింగే తీసుకోవు. మన ఊళ్ళో చాలాచోట్ల అడుగున రాయి ఉంటుంది కనుక, మేస్త్రీ చేత మీటరు పెట్టించి ఎర్తు కొలిపించండి. ఊరకే "బాగున్నది సార్" అంటే ఒప్పుకోకండి. 2022 సెప్టెంబరులో బెళ్ళందూరు, సర్జాపురం రోడ్డు ప్రాంతాల సెల్లార్లలోకి నీళ్ళు వచ్చిన సంగతి గుర్తుంచుకొని, ప్లగ్గును రొమ్ము ఎత్తున పెట్టించండి. బాల్కనీనుండి ఎక్స్‌టెన్షన్ తీగె వ్రేలాడదీసే పని మాత్రం ఎన్నటికీ చేయవద్దు. రాత్రంతా వేడెక్కే తీగె కింద పిల్లలూ పెద్దలూ నిద్రపోతుంటారు.

తరువాత మీటరు సంగతి. రోజుకు 30 కిలోమీటర్ల చొప్పున నెలకు 25 రోజులు తిరిగితే 750 కిలోమీటర్లు. యూనిటుకు 4 కిలోమీటర్లంటే ఇంచుమించు 190 యూనిట్లు. అన్నీ కలిపి యూనిటు 7 రూపాయలనుకొంటే 1,330 రూపాయలు. అదే పెట్రోలుతో లీటరుకు 12 కిలోమీటర్లు, లీటరు 100 రూపాయలని వేసినా 6,250 అవుతుంది. లాభం స్పష్టమే. కాని గృహజ్యోతి పథకం క్రింద బిల్లు లేకుండా ఉన్న ఇళ్ళవారు ఒకటి గమనించాలి. 2023లో వచ్చిన ఆ పథకంలో నెలకు 200 యూనిట్లు దాటితే మొత్తం బిల్లు మనమే కట్టవలసి ఉంటుంది. ఇంటి వాడకం 120, కారుది 190 కలిస్తే 310. అప్పుడు ఇంటికి వచ్చే మినహాయింపు కూడా పోతుంది. విద్యుత్తు వాహనాలకు బెస్కాంలో ప్రత్యేక ధర వర్గం ఉన్నది. అటువంటివారు కారుకు వేరే మీటరు తీసుకొనే సంగతి తప్పక ఆలోచించాలి. మిగిలినవారు రెండు ధరలనూ, స్థిర రుసుములనూ ఒకే కాగితంమీద పక్కపక్కన వ్రాసి చూచుకోండి. ఇంటికి మంజూరైన లోడు ఎంతో కూడా బిల్లులోనే ఉంటుంది. పెద్ద పెట్టెకోసం నాలుగు కిలోవాటులు పెంచితే, కిలోవాటుకు 100 రూపాయలకు పైగా నెలనెలా, కారు నడిచినా నడవకపోయినా, కట్టుకొంటూ పోవాలి.

చివరిది, ఇరుగుపొరుగు. మెట్లమీది దీపాల లైనునుండి కారుకు కరెంటు తీసుకోవడం ఎంత మాత్రం తగదు. పెన్షనుమీద బ్రతికే పై అంతస్తు పెద్దాయన మన ప్రయాణానికి ఎందుకు డబ్బు కట్టాలి? తగాదాలు అక్కడే పుడతాయి. తీగె మన మీటరునుండే రావాలి. కరెంటు పోయినప్పుడు అపార్టుమెంటు జనరేటరు దానిని నడపకూడదు. ఇంటివద్ద ఛార్జింగు చేసుకోవచ్చునని కేంద్ర విద్యుత్ శాఖ 2018 డిసెంబరు మార్గదర్శకాలలోనే చెప్పినది. అయినా ఆ కాగితం చేతబట్టుకొని కమిటీమీదికి యుద్ధానికి పోకండి. తీగె పోయే దారి గీసి, మేస్త్రీ వ్రాసి ఇచ్చిన వివరం జతచేసి, మర్యాదగా ఒక అర్జీ ఇవ్వండి. రేపు వారికీ అదే దారి కావలసి వస్తుంది.

పెద్ద పెట్టె ఎవరికీ వద్దని మేము అనడం లేదు. నాలుగైదేళ్ళలో పూర్తి విద్యుత్తు కారు కొనే ఆలోచన ఉన్నా, ఇంట్లో రెండు కార్లున్నా, ఇప్పుడే 6 చదరపు మిల్లీమీటర్ల తీగె, వెడల్పైన గొట్టంలో వేయించి పెట్టుకోండి. పెట్టెను అవసరమైననాడు బిగించుకోవచ్చు. గోడ రెండుసార్లు పగలగొట్టే ఖర్చు తప్పుతుంది.

కాబట్టి ఉత్తరం వ్రాసిన సభ్యులకు మా సలహా: ఒక మంచి పవర్ ప్లగ్గు, సొంత తీగె, కొలిచిన ఎర్తు, సొంత మీటరు. అల్లుడుగారికి మా నమస్కారములు చెప్పి, మన గోడలో 230 వోల్టులున్నవని జ్ఞాపకం చేయండి. ఆయనే ఒప్పుకొంటారు.