బండి ఆగింది, పాపం ఎవరిది?

భన్‌పురిలో కార్లు తయారు కావు. రాయపూర్ నుంచి బిలాస్‌పూర్ వైపు వెళ్లే దారిలో ఉన్న ఈ పాత పారిశ్రామికవాడకు తెలిసినవి రెండే: ఇనుము, లారీ. పక్కనే ఉర్లా, ఆపైన సిల్తరా. స్పాంజ్ ఐరన్ కొలిమిలు, రోలింగ్ మిల్లులు, వాటి సరుకు కోసం వరుసకట్టే లారీలు. ఇక్కడి కడ్డీలు, యాంగిళ్లు ఎక్కువగా ఇళ్ల నిర్మాణానికే పోతాయి తప్ప కారు తలుపులకు కాదు. అయినా 2019లో దేశ వాహన పరిశ్రమ చతికిలబడినప్పుడు తప్పెవరిదంటూ సాగిన రగడను అర్థం చేసుకోవడానికి ఢిల్లీ సమావేశ మందిరాల కంటే ఇలాంటి చోటే మేలు. కారు కొనడం వాయిదా వేసుకోవచ్చు. లారీ మీద తెచ్చిన అప్పు కిస్తీని వాయిదా వేసుకోవడం కుదరదు.

ఆ ఏడాది ఆగస్టులో కార్లు, జీపుల వంటి ప్రయాణికుల వాహనాల అమ్మకాలు అంతకుముందు ఆగస్టుతో పోలిస్తే 31.57 శాతం పడిపోయాయి. వాహన తయారీదారుల సంఘం సియామ్ లెక్కలు రాయడం మొదలుపెట్టిన 1997-98 నుంచి అంతటి పతనం లేదు. వాణిజ్య వాహనాలు దాదాపు 39 శాతం, వాటిలో భారీ, మధ్యతరహా లారీలైతే సగానికి పైగా తగ్గాయి. అంతకుముందు మూడు నెలల్లోనే షోరూముల్లో సుమారు రెండు లక్షల ఉద్యోగాలు పోయాయని డీలర్ల సమాఖ్య ఫాడా ప్రకటించింది. సర్కారు ఆదుకోవాలని కంపెనీలు గగ్గోలు పెట్టాయి. జీఎస్టీని 28 నుంచి 18 శాతానికి తగ్గించాలన్నది ప్రధాన డిమాండ్.

సర్కారు ఏమంది? ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ సెప్టెంబరు 10న చెన్నైలో ఇచ్చిన వివరణ అందరికీ గుర్తుండే ఉంటుంది. కొత్త తరం కారు కొని నెలనెలా కిస్తీలు కట్టే బదులు ఓలా, ఉబర్, మెట్రోలను ఇష్టపడుతోందని ఆమె అన్నారు. బీఎస్-6 నిబంధనలు, రిజిస్ట్రేషన్ రుసుములను కూడా ఆమె ప్రస్తావించారు గానీ జనం పట్టుకున్నది ఓలా, ఉబర్‌లనే. భన్‌పురిలో నిలబడి చూస్తే ఈ వాదనలో లొసుగు తేలిగ్గా దొరుకుతుంది. ఇనుప కడ్డీలు ఉబర్‌లో వెళ్లవు. మరి అన్నిటికంటే ఎక్కువగా పడిపోయింది లారీలే కదా!

లారీల పతనానికి కారణాల్లో ఒకటి సర్కారు స్వయంగా తీసుకున్న నిర్ణయమే. 2018 జులైలో కేంద్ర రవాణా శాఖ ఇరుసు బరువు పరిమితి పెంచింది. రెండిరుసుల లారీ మొత్తం బరువు 16.2 టన్నుల నుంచి 18.5కు, మూడిరుసులది 25 నుంచి 28.5కు పెరిగింది. చిన్న లెక్క వేసుకుంటే సంగతి తెలుస్తుంది. మూడిరుసుల ఖాళీ బండి తొమ్మిది టన్నులనుకుంటే, అంతకుముందు 16 టన్నుల సరుకు వేయాల్సిన చోట 19.5 టన్నులు వేయొచ్చు. ఆరు లారీల పని అయిదు చేస్తాయి. ఆరో లారీ ఎవరు కొంటారు? ఇది చెడ్డ నిర్ణయమని చెప్పలేం. ఇనుము, బొగ్గు, సిమెంటు మోసే దారుల్లో అధికలోడు ఎప్పటినుంచో ఉన్నదే, తనిఖీల్లో చేతులు తడపడమూ ఉన్నదే. దాన్ని కొంతమేర చట్టంలోకి తెచ్చారు. కానీ కిరాయిలు అంతంతమాత్రంగా ఉన్నప్పుడు రోడ్ల మీదున్న బండ్ల సామర్థ్యాన్ని ఒక్క కలంపోటుతో పెంచితే కొత్త బండ్లు కదలవని ముందే ఊహించాల్సింది. ఆ వెంటనే సెప్టెంబరులో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ దివాలా బాట పట్టింది. లారీలకు అప్పులిచ్చే ఫైనాన్స్ కంపెనీలకే అప్పు పుట్టలేదు.

అలాగని కంపెనీలకు క్లీన్ చిట్ ఇవ్వడం కుదరదు. బీఎస్-4 నుంచి నేరుగా బీఎస్-6కు వెళ్లాలన్న నిర్ణయం 2016 జనవరిలోనే వెలువడింది. గడువు 2020 ఏప్రిల్ 1. అంటే నాలుగేళ్లకు పైగా వ్యవధి. 2017లో బీఎస్-3 బండ్ల అమ్మకాన్ని సుప్రీంకోర్టు ఏప్రిల్ 1 నుంచి నిషేధించినప్పుడు చివరి రెండు రోజుల్లో రాయితీలిచ్చి నిల్వలు వదిలించుకున్న అనుభవమూ ఉంది. అయినా డీలర్ల ప్రాంగణాలు నింపడం ఆగలేదు. ఫ్యాక్టరీ గేటు దాటిన బండినే అమ్మకంగా లెక్కేసే అలవాటు మరి. అతిగా తయారుచేసి పేర్చుకోవడమే ఈ తిప్పలకు ముఖ్య కారణమని బజాజ్ ఆటో అధిపతి రాజీవ్ బజాజ్ బహిరంగంగానే అన్నారు. సాటి పారిశ్రామికవేత్తలకు ఆ మాట రుచించి ఉండదు.

కొనేవాళ్లే లేరన్న మాటకు మరో జవాబు అనంతపురం జిల్లాలో దొరికింది. పెనుకొండ దగ్గర 500 ఎకరాలకు పైగా స్థలంలో కొరియా కంపెనీ కియా నిర్మించిన ఫ్యాక్టరీ నుంచి తొలి సెల్టోస్ బయటికొచ్చింది 2019 ఆగస్టు 8న, సరిగ్గా మాంద్యం ముదిరిన వేళ. నెల చివర్లో మార్కెట్లోకి వచ్చినా వేల సంఖ్యలో అమ్ముడైంది. నచ్చిన బండి వస్తే జనం కొన్నారు.

ఇక పన్ను సంగతి. ఛత్తీస్‌గఢ్‌కు సంబంధించి ఇదే అసలు మెలిక. జీఎస్టీ సరుకు వినియోగించే చోట దక్కే పన్ను. ఉక్కు, సిమెంటు తయారుచేసి బయటి రాష్ట్రాలకు పంపే ఛత్తీస్‌గఢ్ లాంటి చోట రాబడి తగ్గడం ఖాయం. ఆ లోటు పూడ్చడానికి కేంద్రం అయిదేళ్లపాటు పరిహారం ఇచ్చింది. ఆ డబ్బు కార్లు, బొగ్గు, పొగాకు వంటి వాటిపై వేసిన సెస్సు నుంచి వచ్చేది. కార్ల మీద సెస్సు 1 నుంచి 22 శాతం దాకా ఉండేది. అంటే కారు చవకైతే ఉక్కుకు గిరాకీ పెరుగుతుందేమో గానీ, రాయపూర్ ఖజానాకొచ్చే పరిహారానికి గండి పడుతుంది. 2022 జూన్‌తో గడువు ముగుస్తుంటే పరిహారాన్ని పొడిగించాలని అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ పట్టుబట్టింది అందుకే. 2019 సెప్టెంబరు 20న గోవాలో జరిగిన జీఎస్టీ మండలి సమావేశం కార్ల పన్ను జోలికి పెద్దగా పోకపోవడంలో వింతేమీ లేదు. రాష్ట్రాల అవసరమూ కంపెనీల అవసరమూ ఒక్కటి కావు. కంపెనీలు కోరిన 18 శాతం చివరికి చిన్న కార్లకు, లారీలకు అమల్లోకి వచ్చింది 2025 సెప్టెంబరు 22న. ఆ పండగల సీజన్లో అమ్మకాలు రికార్డు సృష్టించాయి. పన్ను భారమని కంపెనీలు మొత్తుకున్నది ఉత్తిదే కాదని ఒప్పుకోవాల్సిందే.

అయితే ప్రభుత్వం చెయ్యందించడం అంటే పన్ను తగ్గించడమొక్కటే కాదు. 2008 డిసెంబరులో అమెరికా జనరల్ మోటార్స్, క్రైస్లర్లకు 1,740 కోట్ల డాలర్లు అప్పుగా ప్రకటించింది. మరుసటి మార్చిలో జీఎం అధిపతి రిక్ వాగనర్‌ను తప్పించాకే మరింత సాయానికి సిద్ధపడింది. జూన్‌లో కంపెనీ దివాలా కోర్టుకెళ్లింది, సర్కారు వాటాదారైంది. 2013లో చివరి వాటాలు అమ్ముకునేసరికి ఖజానాకు వెయ్యి కోట్ల డాలర్లకు పైగా నష్టం మిగిలింది. కాని లక్షల ఉద్యోగాలు నిలిచాయి. షరతు పెట్టి డబ్బిచ్చారు, ఆ తర్వాత లెక్క అప్పగించారు.

మన దగ్గర అనుభవం వేరు. ప్రభుత్వరంగ ఆల్విన్ 1980లలో నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో తేలికపాటి లారీలు తయారుచేసింది. యెన్ విలువ పెరిగి జపాన్ విడిభాగాలు మోయలేని భారమయ్యాక ఆ సంస్థ మహీంద్రా చేతికి వెళ్లిపోయింది. 2005లో ఫోక్స్‌వ్యాగన్ కారు విశాఖకు వస్తుందన్న ఆశతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వశిష్ట వాహన్ అనే కంపెనీకి 11 కోట్ల రూపాయలు చెల్లించింది. సీబీఐ దర్యాప్తు వచ్చింది, ఫ్యాక్టరీ మాత్రం పుణె దగ్గరి చకన్‌కు పోయింది.

2019 ఆగస్టు 23న కేంద్రం ప్రకటించిన ఉపశమన చర్యల్లో షరతులేమీ లేవు. రిజిస్ట్రేషన్ రుసుముల పెంపు వాయిదా పడింది. ప్రభుత్వ శాఖలు కొత్త బండ్లు కొనడంపై నిషేధం తొలగింది. 2020 మార్చి లోపు కొన్న బండ్లకు తరుగుదల 15 నుంచి 30 శాతానికి పెరిగింది. చివరిది లారీ యజమానులకు వరమన్నట్టు ప్రచారమైంది. పెద్ద రవాణా కంపెనీకి అది వరమే. కానీ పది లోపు లారీలున్న వాళ్లలో చాలామంది అప్పటి ఆదాయపు పన్ను చట్టంలోని 44ఏఈ సెక్షన్ కింద ఊహాజనిత ఆదాయంపై పన్ను కట్టేవారు. భారీ లారీకి టన్నుకు నెలకు వెయ్యి రూపాయల చొప్పున ఆదాయం వచ్చినట్టే లెక్క, బండి తిరిగినా తిరగకపోయినా. ఆ పద్ధతిలో తరుగుదల ముందే ఇచ్చేసినట్టు చట్టం భావిస్తుంది. కాబట్టి పెంచిన 15 శాతంలో ఒక్క పైసా వాళ్లకు దక్కలేదు. భన్‌పురి, ఉర్లా దారుల్లో సరుకు కోసం ఎదురుచూసే ఒక్క లారీ యజమాని ఈ లెక్కలోనే వస్తాడు.