బాలింతను కూడా అడగండి

కాన్పు తర్వాత ఆశా కార్యకర్త 42 రోజుల్లో ఆరుసార్లు ఇంటికి వచ్చి బిడ్డ బరువు, జ్వరం చూస్తుంది. నిద్ర పడుతోందా, ఊరికే ఏడుపొస్తోందా, బిడ్డను ఎత్తుకోవాలంటే భయమేస్తోందా అని తల్లినీ అప్పుడే అడగాలి. వర్ధమాన దేశాల్లో ప్రసవించిన ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరికి మానసిక సమస్య వస్తోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ‘పచ్చి బాలింత గదా, అదే సర్దుకుంటుంది’ అని పుట్టింట్లోనూ అంటారు. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే అది జబ్బే, చికిత్స ఉంది.

ఆ చికిత్స దగ్గర్లోనే దొరకాలంటే, 2022లో పల్నాడు జిల్లా కేంద్రమైన నరసరావుపేటలో గర్భిణుల పరీక్షల రోజునే మానసిక వైద్యుల సేవలూ అందాలి. మానసిక చికిత్స పొందే తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డను సాధారణంగా వేరు చేయరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెప్పింది. ఆ సేవలు వచ్చేలోగా, ఫోన్‌లో మానసిక సహాయం అందించే ప్రభుత్వ సేవ టెలీ మానస్ నంబరు 14416ను తల్లీబిడ్డల కార్డుపై పెద్దక్షరాల్లో అచ్చువేయాలి.